రేణుక పేరు తీసేసిందెవరు

ఆరేళ్లుగా రేణుక మాట జవదాటని కంప్యూటరు సోమవారం పొద్దున్నే అడ్డం తిరిగింది. పటమటలో చౌడయ్య గారి చేనేత చీరల కొట్టు మేడ మీద కూర్చుని అంచుల డిజైన్లు గీస్తుందామె. కంప్యూటర్లో ఏది సరిచేయాలన్నా ‘సుడో’ అని కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే చాలు, అడ్మిన్ పెత్తనమంతా చేతికొచ్చేది. ఇవాళేమో, నీకు అనుమతి లేదు, ఈ సంగతి పైవాళ్లకు చెబుతాం అంది!

పైవాళ్లెవరమ్మా? ఇంకెవరు, కంప్యూటర్లు చూసుకోమని నెల కిందట పెట్టుకున్న తేజేశ్వర్. వచ్చిన దగ్గర్నుంచీ "అక్కా, అక్కా" అని నవ్వుతుంటేనే అనుకుంది. అడ్మిన్ గ్రూపు జాబితా చూసింది. వాడి పేరుంది, తన పేరు లేదు. ఒళ్లు మండిపోయింది. ఇవాళ పెత్తనం, రేపు డిజైన్లు, ఎల్లుండి ఈ కుర్చీ! కిందికి దిగి చౌడయ్య గారి ముందు నిలబడింది.

"వాడుండాలో నేనుండాలో తేల్చండి బాబాయ్ గారూ."

చౌడయ్య గారికి మగ్గం తెలుసు గానీ ఈ గొడవలు తెలియవు. రేణుకని నమ్మారు. తేజేశ్వర్‌ని రేపట్నుంచి రావద్దన్నారు.

వాడు వాదించలేదు. చూశారా, తప్పు చేయనివాడైతే నోరెత్తడూ? "అక్క హక్కు అక్కకిచ్చేసి పోతానండీ" అని పైకొచ్చి, ఎవరేం మార్చారో నమోదయ్యే లాగ్ తెరిచాడు. రేణుక వాడి వేళ్ల మీంచి చూపు తీయలేదు.

శనివారం సాయంత్రం, ఇంటికెళ్లే ముందు. యూజర్: రేణుక. డిజైన్ అట్టలకు కన్నాలు కొట్టే మెషీన్ వాడుకోవాలని, దాని గ్రూపులో తనని తనే చేర్చుకున్న కమాండ్.

"ఉన్నవాటికి కలపమని చెప్పాలక్కా. చెప్పకపోతే పాత గ్రూపులన్నిట్లోంచీ తీసేసి, దీన్లో ఒక్కదాన్లోనే పెడుతుంది."

రేణుక ఆ కమాండ్ మళ్లీ చదువుకుంది. వాళ్లమ్మ పున్నమ్మ మగ్గం మీద అచ్చు అతికేది. పాత పోగు కొసకే కొత్త పోగు పురిపెట్టేది, పాతది పీకి పారేయడమన్నది ఆ ఇంట్లో లేదు. చేర్చమంటే చేరుస్తుందనే అనుకుంది పిచ్చిది.

తేజేశ్వర్ ఆమె పేరు మళ్లీ అడ్మిన్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌటయి రమ్మన్నాడు. సుడో పనిచేసింది. వాడు బ్యాగు భుజానేసుకుని మెట్లు దిగాడు. రేణుక వెనకే పరిగెత్తింది.

"బాబాయ్ గారూ, నా పేరు తీసేసింది నేనేనండీ."

చౌడయ్య గారు లెక్క ఆపి తలెత్తారు. "వాడుండాలో నేనుండాలో అన్నావు కదమ్మా. ఇప్పుడేం తేల్చమంటావు?"

రేణుక తేజేశ్వర్ భుజం మీంచి బ్యాగు లాక్కుని గల్లా పక్కన పెట్టింది.

"వాడుండాలండీ" అంది. తన సంగతి అడగడానికి మొహం చెల్లలేదు.