వేపాకు గుర్తు

పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేచిన కొత్తల్లో, పెంటయ్య బర్రె వాగు నీళ్లు తాగి నురగలు కక్కి చచ్చింది.

"బాయిలకు గూడ కంపెనీ నీళ్లు దిగినయక్కా. బుక్కెడు గూడ తాగకుండ్రి," అని పెంటయ్య ఇంటింటికీ చెప్పిపోయాడు. ఊరంతా వింది, ఆగమ్మ కూతురు ముత్యమ్మ తప్ప.

చిన్నప్పుడే జ్వరం ఆ పిల్ల కళ్లనూ చెవులనూ ఎత్తుకుపోయింది. గుమ్మం నుంచి పెరటి బావిదాకా తల్లి కట్టిన తాడు పట్టుకుపోయి, తానే నీళ్లు తోడుకుని తాగుతుంది. ఆకలేస్తే నోటి దగ్గర వేళ్లు, నిద్రొస్తే చెంప కింద చెయ్యి. వద్దనడానికి మాత్రం గుర్తు లేదు, చెయ్యి పట్టి ఆపడమే. ఆగమ్మ కూలికి పోతే పట్టుకునేదెవరు?

ఆగమ్మ తాడు విప్పేసింది. పిల్ల మోకాళ్లు గీరుకుంటూ పాకి పోయింది. బొక్కెన దాచింది. పిల్ల గోడకు తల బాదుకుంది. ఊరికి ట్యాంకరులో వచ్చే మంచినీళ్ల కుండ తాకించింది. పిల్ల అందులో తాగి, అలవాటు కొద్దీ మళ్లీ బావికే బయల్దేరింది.

"నీకెట్ల చెప్పాలె బిడ్డా!" ఆగమ్మ నెత్తి కొట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇదే పిల్లకు పాలు మాన్పించడానికి రొమ్ముకు రాసుకున్న వేపాకు. గబగబా కొమ్మ విరిచింది. పిల్ల చెయ్యి బావి గట్టుకు ఆనించి, పెదవులకు వేపాకు రుద్దింది. కుండకు ఆనించి బెల్లం ముక్క పెట్టింది. మళ్లీ బావి, మళ్లీ కుండ. ముత్యమ్మ ఉమ్మింది, గింజుకుంది, తల్లి వేలు కొరికింది. ఆగమ్మ ఏడుస్తూనే రుద్దింది. పిల్లకు ఏం ఎక్కిందో దేవుడికే తెలియాలి.

మర్నాడు కలుపు తీస్తున్నా ఆగమ్మ ప్రాణమంతా బావి దగ్గరే ఉంది. కడుపునొప్పని అబద్ధం చెప్పి మధ్యలోనే పరుగెత్తుకొచ్చింది.

గట్టు మీద నిండు బొక్కెన. పక్కన ముత్యమ్మ.

"తాగినవా? చెప్పవే!" వినపడదని తెలిసీ అరిచింది. నీళ్ల వాసన చూద్దామని బొక్కెన మొహం దాకా ఎత్తింది.

ముత్యమ్మ చేతులు తల్లి మోచేతుల మీదుగా తడుముకుంటూ పైకొచ్చాయి. బొక్కెన తాకగానే ఒక్క తోపు తోసింది. నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఆ పిల్ల ఓణీ కొంగు ముడి విప్పి, వాడిపోయిన వేపాకు తీసి, తల్లి పెదవుల మీద కసిగా రుద్దింది. ఆపైన కుండ దగ్గరికి లాక్కుపోయింది.

ఇన్నేళ్లూ తన ఆకలి, తన నిద్రే చెప్పుకున్న పిల్ల మొదటిసారి ఇంకొకరి ప్రాణం కోసం మాట్లాడింది. నోరంతా చేదు విషంలా ఉన్నా ఆగమ్మ ఉమ్మలేదు.