చౌడేశ్వరి ముందు రెండు పొట్లాలు

సాయంత్రం ఐదుకల్లా మోనిష ఇంజనీరింగ్ సీటు కోసం తన కోరికల జాబితా ఆన్‌లైన్‌లో ఖాయం చేయాలి. ఆ తర్వాత మార్చుకోవడానికి లేదు. జాబితాలో మొదట పెట్టేది చెన్నైలో పెట్రోలియమా, వేలూరులో మెకానికలా అని గుడియాత్తంలోని ఆ ఇంట్లో మూడు రోజులుగా ఒకటే గొడవ. మోనిషకు చమురు బావుల దగ్గర పని చేయాలని ఆశ. తొమ్మిదో తరగతిలో బడి మాని మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చున్న తల్లి మోహనకు ఆ మాటంటేనే దడ. నడిసముద్రంలో, అంతమంది మగవాళ్ళ మధ్య ఆడపిల్ల! వేలూరైతే పొద్దున బస్సెక్కి పొద్దుగూకేసరికి ఇల్లు చేరుతుంది.

"తేలకుంటే పువ్వేసి చూస్తాం" అంది మోహన. ఆ నేతవీధిలో పెళ్ళి సంబంధానికైనా అదే పద్ధతి. తెల్లపువ్వు ఒక పొట్లంలో, ఎర్రపువ్వు ఒక పొట్లంలో కట్టి, గుడిలో చౌడేశ్వరి అమ్మవారి ముందు పెట్టి, చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తారు. తెలుపైతే పెట్రోలియం, ఎరుపైతే మెకానికల్ అనుకున్నారు.

పొట్లాలు కట్టింది మోహనే. వాళ్ళతో గుడికి వచ్చిన పక్కింటి నాలుగేళ్ళ రంజిత ఒకటి తీసింది. ఎరుపు.

"చూసినావా, అమ్మోరే చెప్పేసింది!" అని మోహన లెంపలు వేసుకుంది.

మోనిష ఊరుకోక రెండో పొట్లం విప్పింది. "ఇదీ ఎరుపే కదమ్మా!"

మోహన ఆ పొట్లం లాక్కుని కొంగులో దాచుకుంది.

"నన్ను ఏమార్చినావు, సరే. అమ్మోరిని కూడానా?" మోనిషకు కోపం రాబోయి నవ్వొచ్చింది. "నేను నిన్ననే మెకానికల్ మొదట పెట్టినా. గుణశేఖర్ మామ సముద్రంలో చమురు పంపుల కాడే కదా ఉండేది, ఆయన్నే అడిగినా. చమురు ధర పడితే పెట్రోలియం చదివినోళ్ళకు వేరే పని దొరికేది కష్టమంట. మెకానికల్ అయితే యాడైనా బతకొచ్చంట."

"ముందే చెప్పేదానికేమి?"

"చెప్తే సముద్రానికి పోనని సంబరపడతావు. ఆడ పంపులు చూసేది మెకానికల్ వాళ్ళేమ్మా. నేను పోయేది ఆడికే."

గుడి నుంచి ఇల్లు చేరేసరికి నాలుగున్నర. జాబితా ఖాయం చేయడానికి కావలసిన ఆరంకెల ఓటీపీ మోహన ఫోనుకు వచ్చింది. ఆమె ఫోను రొమ్ముకు అదుముకుంది. నోరు విప్పకపోతే చాలు, అంతా ఆగిపోతుంది. తనను బడి మాన్పించిననాడు ఇంట్లో ఎవరూ పువ్వైనా వేసి చూడలేదు.

"నాలుగు... తొమ్మిది... సున్నా... ఒకటి..." ఆగింది. "ఆడికి ఎట్ల పోతారు? పడవలోనా?"

"హెలికాప్టర్లో. టైమైపోతా ఉండాదమ్మా!"

"ఈత నేర్చుకోవల్ల. వేలూరులో మాస్టరును పెట్టి నేర్పిస్తా" అని, మోహన మిగిలిన రెండంకెలు చదివింది.