తాళం వేసిన టీవీ

నేను ఎత్తయిన స్టూలు మీద కూర్చుని ఉన్నాను, ఎదురుగా గాజు పలక, దాని అవతల మా వసారా, వసారాలో చాపలు పరుచుకుని ఊరి జనమంతా నావైపే చూస్తున్నారు, అప్పుడు తెలుస్తుంది నాకు, నేను మా పాత టీవీ లోపల ఉన్నానని. నా వెనక అట్టగోడ మీద తలుపు బొమ్మ గీసి ఉంది. తోస్తే రంగు చేతికంటుతుంది తప్ప తెరుచుకోదు.

జనం ముందు నాంచారమ్మ కూర్చుని ఉంది. నా భార్య. పోయి నాలుగేళ్లయింది. ఆవిడ ఒళ్లో చేట, చేటలో బియ్యం బదులు పోస్టుకార్డులు.

"ఏమయ్యా, ఆట మొదలెడదామా?"

"తలుపు తియ్యి."

"జవాబు చెప్పినోళ్లనే బయటికి పంపుతారు. చెప్పలేకపోతే నెత్తిన పిండి. నువ్వెప్పుడన్నా చూస్తే గదా తెలిసేది!"

చూశాను. ఒక్కసారి. ఆదివారం సాయంత్రం వచ్చే ఆ నవ్వుల ప్రశ్నల పోటీలో, ఇంట్లో ఎప్పుడూ మూసి ఉండి, సంతలో ఎప్పుడూ తెరిచి ఉండేది ఏమిటని అడిగితే, ఒకావిడ "మా ఆయన నోరండీ" అంది. వసారా అంతా నవ్వింది. నాంచారమ్మ నావైపు తిరిగి మరీ నవ్వింది. ఆ నవ్వు నేను మరవలేదు. పై ఆదివారం నుంచి టీవీ చెక్క తలుపులకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

"ఒకటే ప్రశ్న," అంటుంది, చేటలోంచి ఒక కార్డు తీసి. "ఆ రోజు పోటీలో చూసేవాళ్లకని అడిగిన ప్రశ్నకి నేనూ కార్డు మీద జవాబు రాసి పంపాను. గెలిచినోళ్ల పేర్లు చదువుతారు, ఈ ఒక్క రోజూ తియ్యవయ్యా అని బతిమాలాను. నువ్వు తియ్యలా. నా పేరు చదివారా, లేదా?"

చదివారు. బుధవారం పక్కూరి సంతలో ఎరువుల కొట్టాయన చెప్పాడు, ఊరి పేరుతో సహా. ఆ తర్వాత ఆవిడ బతికిన ఇరవై ఎనిమిదేళ్లూ నేను చెప్పలేదు. అప్పట్లో మా ఊళ్లో టీవీ మా ఇంట్లోనే. చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

"ముందు నన్ను చూసి ఎందుకు నవ్వావో చెప్పు."

"నవ్వొచ్చింది, నవ్వాను. ఇంకా అదేనా నీకు?"

"అంతమందిలోనా?"

పైనుంచి పిండి పడుతుంది, మోకాళ్లు దాటి నడుము దాకా పేరుకుంటుంది, చూస్తే అది పిండి కాదు, ఆవిడ పోయాక పెచ్చులూడుతున్న మా ఇంటి గోడల సున్నం, దిగుదామంటే కాళ్లు రావు, చాపల మీద జనం ఎప్పుడు లేచి వెళ్లారో, ఆవిడొక్కతే మిగిలింది.

"పొద్దుగూకుతోందయ్యా. అవునో కాదో. ఒక్క మాట."

నేను నోరు తెరవను. ఆవిడ చేట పక్కన పెట్టి లేస్తుంది, చెక్క తలుపులు రెండూ దగ్గరికి లాగుతుంది, తాళం పడిన చప్పుడు నా నడుం దగ్గరే వినిపిస్తుంది. అప్పుడు అరుస్తాను. "చదివారే! నీ పేరే ముందు చదివారు!" అవతల ఎవరూ లేరు.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. ఆ టీవీ ఇంట్లోంచి పోయి చాలా ఏళ్లయింది. పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టున్నాను, నడుం మీద తాళంచెవి పళ్ల అచ్చు ఎర్రగా దిగి ఉంది.