మొదటి రోజు పరీక్ష

కమిటీ గది బయట కాచుకున్న మాస్టారికి కాలు ఒకచోట నిలవడం లేదు. యూనివర్సిటీలో ఎవరు ఏ చదువులో చేరినా తప్పక చదవాల్సిన కోర్సులు కొన్ని ఉంటాయి. వాటిలో ‘వార్తలో నిజమెంత’ అన్నది ఆయనది. ఆ కోర్సుంటేనే ఆయనకు ఉద్యోగం. యాభై దాటిన కాంట్రాక్టు మనిషిని ఇంకెవడు పిలిచి కుర్చీ వేస్తాడు?

ఈ ఏడు ఆ కోర్సులన్నింటినీ తూకం వేస్తున్నారు. మొదటి రోజు ఒక పరీక్ష, చివరి రోజు మళ్లీ అదే పరీక్ష. మధ్యలో మార్కులు ఎంత పెరిగితే కోర్సు అంత పనికొచ్చినట్టు. మాస్టారి కోర్సులో మాత్రం గోరంత కూడా పెరగలేదు.

తలుపు తీసుకుని బావమరిది బయటికొచ్చాడు. ఆ కమిటీకి పెద్ద అతనే.

“ఏం చేశావు బావా? మొదటి రోజే అందరికీ ఎనభైలు, చివర్లోనూ ఎనభైలే! నీ క్లాసులో కూర్చున్నా క్యాంటీన్లో కూర్చున్నా ఒకటేనని లోపల నవ్వుతున్నారు.”

“ప్రశ్నలు చూసి పిల్లలు బిక్కచచ్చిపోయార్రా. ఒకమ్మాయి ఏడుపు లంకించుకుంది. పాపమనిపించి ఒక్కోటీ విడమరిచి చెప్పాను.”

“ఓరి దేవుడా! వాళ్లకేం రాదని తేలడానికే కదా ఆ పరీక్ష! జ్వరమెంతుందో చూడమంటే ముందే మాత్ర మింగించి థర్మామీటరు పెట్టావు.”

“ఆ మాటే లోపల చెప్తాను.”

“చెప్తే పరీక్షలో జవాబులు అందించినవాడివి అవుతావు. చెప్పకపోతే పాఠం చెప్పనివాడివి. ఏరుకో. అక్కకి మాత్రం నేను చెప్పలేను, నాకంత గుండె లేదు.”

లోపల కళ్లద్దాల మేడమ్ కాగితాల మీంచి తలెత్తింది. “మీ దగ్గర పిల్లలు నేర్చుకున్నదేమిటండీ?”

ఒకే ఒక్క ఫొటో అసలుదా కల్పించిందా అని క్లాసంతా రెండు జట్లుగా చీలి, ఊడ్చే మనిషి వచ్చి కసిరేదాకా వాదించుకున్న రోజు మాస్టారికి గుర్తొచ్చింది. అది చెప్పాడు.

“బాగుంది. దానికి మార్కులేవీ?”

తనను దొంగ అన్నా మాస్టారు పడతాడు. ఆ పిల్లలకు ఏమీ రాలేదంటే పడలేడు.

“మొదటి పరీక్షలో జవాబులు నేనే చెప్పానండి” అన్నాడు.

బావమరిది తల దించుకున్నాడు. “సార్, ఆ మాట వెనక్కి తీసుకుంటారా?”

“తీసుకోను.”

మేడమ్ కలం మూసింది. “అయితే ఈ మార్కులు చెల్లవు. కోర్సును తీసేయలేం, వచ్చే ఏడు మళ్లీ చూస్తాం. పాఠం మాత్రం వేరేవాళ్లు చెప్తారు. ఇక మీరు వెళ్లొచ్చు.”

“వాళ్లకి నా నోట్సు ఇవ్వనా అండీ?” చేతులు జోడించినంత పని చేశాడు. “ఒక నెల పక్కన కూర్చుంటాను. జీతం వద్దు.”

మేడమ్ అప్పటికే తర్వాతి కోర్సు కాగితాలు ముందుకు లాక్కుంది.

మెట్ల మీద ఉండగానే ఇంటి నుంచి ఫోన్.

“ఏమన్నారండీ? కోర్సు ఉంచారా, పీకేశారా?”

“ఉంచారు.”

“అమ్మయ్య! పొద్దుట్నుంచీ నా ప్రాణం నా దగ్గర లేదనుకోండి. ఉండండి, ముందు పక్కింటి వదినకి చెప్పొస్తాను.”

“ఏమేవ్, ఒక్క మాట...” అన్నాడు మాస్టారు. ఆవిడ అప్పటికే ఫోన్ బల్ల మీద పడేసి గుమ్మం దాటింది. ఖాళీ ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వింటూ ఆయన మెట్ల మీదే కూలబడ్డాడు.