అమ్మ తీసుకున్న ఆయాసం

పొద్దున్నే కూతురు పార్సిళ్ళ సంచి భుజాన వేసుకుని వెళ్ళేది. తల్లి కిటికీ పక్కన కుట్టు మిషను ముందు కూర్చునేది. కూతురు ఎక్కడో లిఫ్టు లేని భవనంలో మెట్లెక్కుతుంటే, ఇక్కడ తల్లి కాలు మిషను మీద ఆగిపోయేది. బల్ల పట్టుకుని రొప్పేది.

"అమ్మాయి నాలుగో అంతస్తుకు చేరినట్టుందే," అనేది జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన పక్కింటావిడ.

"ఐదు," అని తల్లి మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించేది.

బిడ్డ తొలి అడుగులేసి, ఎగశ్వాసతో చతికిలబడిన నాటి నుంచీ ఇదే వరస. ఎవరి ఆయాసమైనా కావాలనుకున్నవాళ్ళు తీసుకోవచ్చు. కావాలనుకునేవాళ్ళే అరుదు. అలా ఇరవై ఆరేళ్ళొచ్చినా కూతురు అలుపంటే ఎరగదు.

ఒకనాడు తల్లి మిషను మీదికే ఒరిగిపోయింది. ఆసుపత్రిలో ఇద్దరికీ పరీక్షలు చేశారు.

"గుండె కండరంలో ప్రతి కణంలోనూ చిన్న పొయ్యిలున్నాయనుకోండి," అంది డాక్టరమ్మ. "తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. మీ జన్యువుల్లో ఒకచోట మార్పుంది. అందుకని కట్టెలెన్ని ఉన్నా మంట అందుకోదు. గుండె ఆకలితోనే కొట్టుకుంటుంది. ఇది తల్లి నుంచి బిడ్డకు వచ్చే లోపం. ఇద్దరికీ ఉంది."

తర్వాత తల్లి వైపు తిరిగింది. "అమ్మాయి ఆయాసం కూడా మీరే తీసుకుంటున్నారా?"

"ఆఁ. పాతికేళ్ళ నుంచి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఒకరిది మొయ్యడానికే చాలని గుండె అమ్మా అది," అంది మెల్లగా.

బయట బల్ల మీద కూర్చున్నాక కూతురు అడిగింది. "నీకూ ఉందని తెలుసా?"

"మా అమ్మా ఇలాగే రొప్పి రొప్పి పోయింది. తెలియకేం."

"మరి నాది కూడా నెత్తినేసుకోవడం దేనికి?"

"నీకిచ్చింది నేనేగా. నాది నేను తీసుకున్నాను."

కూతురు పని మానేసింది. తల్లికిక తీసుకునే శక్తి లేకపోయింది కాబట్టి, ఎవరి ఆయాసం వాళ్ళదైంది. రెండు గిన్నెలు కడిగితే చాలు, కూతురికి చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది. ఇంత బరువునా అమ్మ మోసింది అనుకుని, పంపు కట్టేసి, చప్పుడు కాకుండా ఏడ్చింది.

నెల తిరక్కుండానే తల్లి మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం మాట కూడా పెగలనంతగా ఎగశ్వాస మొదలైంది. కూతురు మంచం అంచున కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఎలా తీసుకోవాలో ఎవరూ నేర్పలేదు. కావాలనుకుంది, అంతే.

తల్లి ముఖం తేటపడింది. "ఇవాళ ఎంత తేలిగ్గా ఉందో," అంది. "చిన్నప్పుడు కూడా ఇంత హాయిగా ఊపిరి తీసుకోలేదు నేను. ఏమే, మాట్లాడవేం?"

కూతురికి మాట్లాడేందుకు ఊపిరి లేదు. తలాడించింది. రెండు గుండెల ఆయాసం ఛాతీలో బండలా కూర్చుంటే పళ్ళు బిగించి ఓర్చుకుంది. తల్లి కిటికీలోంచి ఆకాశం చూస్తూ, చూస్తూ, కళ్ళు మూసుకుంది.

కాసేపటికి ఛాతీ మీది బరువు సగానికి సగం దిగిపోయింది. తన ఆయాసం ఒక్కటే మిగిలింది. కూతురు తల్లి ముఖంలోకి చూడలేదు. చెయ్యి మాత్రం వదల్లేదు.