స్కానర్‌లో పదిహేడో ఎక్కం

ఆ యంత్రంలో తల పెడితే మనసులో దాచుకున్నదంతా తెర మీద పడిపోతుందని ఈ ఆసుపత్రిలో అందరూ నమ్ముతారు, లిఫ్టు నడిపే అతను నమ్ముతాడు, క్యాంటీనులో టీ పోసే ఆవిడ నమ్ముతుంది, అందరికంటే గట్టిగా నమ్మేది ఇక్కడే పిల్లల వార్డులో హెడ్ నర్సు అయిన నా భార్య, దయ్యాలు లేవని నిరూపించడానికి బడిపిల్లల్ని చీకటి గదుల్లోకి నడిపించిన భౌతికశాస్త్రం మాస్టారినైన నాతో ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా, అది మెదడులో రక్తం ఎటు ఎక్కువగా పారుతోందో చూపుతుందోయ్, అంతకు మించి దానికేమీ తెలియదు అంటే, మీకన్నీ తేలికేనండీ అంటుంది, తల కదపకండి సార్, చెవుల్లో పరిశోధకురాలి గొంతు, సరేనని ఊపబోయి ఆపుకున్నాను, ఇందాక అలాగే ఊపి ఆ పిల్ల పనంతా పాడుచేశాను, మళ్ళీ మొదటి నుంచి ఈ సొరంగం, ఈ సుత్తి మోత.

భయం వదలని మనుషుల మెదడునూ, అదే వయసులో కులాసాగా ఉన్నవాళ్ళ మెదడునూ పక్కపక్కన పెట్టి చూస్తారట, నేను కులాసా జాబితాలో ఉన్నాను, నా భార్య భయం జాబితాలో, ముందు మీరు దూరండి, మీ గుట్టేం బయటపడుతుందో చూసి అప్పుడు నా సంగతి చెబుతాను అంది, ఆమె ఈ పరీక్ష చేయించుకుంటేనే వీళ్ళ చికిత్సలో చేర్చుకుంటారు, చేరకపోతే ఆమెకు నిద్ర లేదు, కళ్ళ ముందున్న చిన్న అద్దంలో ముఖాలు వస్తున్నాయి, కోపంగా ఉన్న ముఖం, మీట నొక్కాలి, బెదిరిన ముఖం, నొక్కాలి, ఈ బెదురు నాకు తెలుసు, ఆమె వార్డు తగలబడ్డాక మా ఇంట్లో రొట్టె కాస్త మాడినా చాలు, దిండును పసిపిల్లలా ఎత్తుకుని గుమ్మం దాటి వీధిలోకి పరుగెడుతుంది, నేను వెనకే వెళ్ళి మెల్లగా ఆ దిండు అందుకుని, అందరూ బయటే ఉన్నారు, పద, అంటాను, పిల్లలందరూ నిజంగానే బతికారు, అయినా, ఎవరిని ముందు ఎత్తుకున్నానో, ఎవరు ఆగగలరనుకున్నానో ఆ తెర మీద పడితే వాళ్ళమ్మల ముఖం ఎలా చూడనండీ అంటుంది.

మళ్ళీ బెదిరిన ముఖం, వార్డు తగలబడ్డ రోజు ఆసుపత్రి బయట నిలబడ్డ నా ముఖం కూడా ఇలాగే ఉండి ఉంటుంది, పొగలోంచి ఆమె ఒక పిల్లను తెచ్చి ఎవరి చేతుల్లోనో పెట్టి మళ్ళీ లోపలికి తిరిగింది, చాల్లే, మిగతావాళ్ళను వదిలేసి వచ్చెయ్, అని నా గొంతు దాకా వచ్చింది, ఇది ఆమెకు ఎన్నడూ చెప్పలేదు, వద్దు, ఇప్పుడు కాదు, పదిహేడు ఒకటి పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు, పదిహేడు మూళ్ళు యాభై ఒకటి, ఆగాను, ఎవరికి కనబడకుండా ఈ ఎక్కం అడ్డం పెడుతున్నాను, యంత్రానికా, ఓరి నా హేతువాదమా, నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది, తల కదలకూడదు, భయం ఇంత సులువుగా లోపలికి వచ్చేస్తుందా, పాపం, దానిమీద నేను ఆమెకు ఎన్ని ఉపన్యాసాలిచ్చాను.

బల్ల బయటికి జరిగింది, నా భార్య గుమ్మంలో నా కళ్ళద్దాలు పట్టుకుని నిలబడి ఉంది, పరిశోధకురాలు నన్ను లేపి కూర్చోబెట్టి, లోపల ఉన్నంతసేపూ ఏం గుర్తొచ్చింది సార్ అని అడిగింది, నా భార్య అందుకుంది, ఇంత మిషను పెట్టుకుని మళ్ళీ ఆయన్ని అడుగుతావేంటమ్మా, నీకు కనబడలేదా, ఆ పిల్ల మామూలుగానే చెప్పింది, రక్తం ఎక్కడికి పారిందో కనబడుతుంది మేడమ్, దేని గురించో కనబడదు, అది మీరు చెప్పాలనుకుంటే చెబుతారు, లేకపోతే లేదు, నా భార్య ఆ పిల్ల వంక కాసేపు చూసి, కళ్ళద్దాలు నాకు తొడిగి, చెవుల కమ్మలు విప్పి నా అరచేతిలో పెట్టింది, ఎక్కడైనా పారేసేరు, జాగ్రత్త అంది, వంగి బల్ల పక్కనే చెప్పులు విడిచింది, నేను పిడికిలి మూసుకున్నాను, పరిశోధకురాలు జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడి ఉంది, లోపల ఏం గుర్తొచ్చిందో నేను చెప్పలేదు కనుక ఆ పిల్లకు తెలియదు.