బోణీ బేరం

హనోయ్ పాతబజారులో పొద్దున్నే నన్ను చూస్తే కొట్లవాళ్ళకు గుండె గుభేలుమంటుంది. తొలి గిరాకీగా వచ్చి, అన్నీ బేరమాడి, ఏమీ కొనకుండా లేచిపోయి బోణీ చెడగొడతానని నాకు పేరు. నిన్న చెప్పులకొట్టు థోవా నా పీడ వదలాలని కాగితం అంటించి, ఆ మంటను నా వెనకే తిప్పింది.

"నీ నీడ కూడా పడొద్దు తల్లీ, నడువు!"

ఎదురుగా చెప్పులమ్మే న్యాన్ మాత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టి తామరపూల టీ పోసింది.

"ఏం కొనమంటావు చెల్లీ?"

"నా దగ్గర కొనొద్దక్కా! రేపు కూడా ముందు దాని కొట్టుకే వెళ్ళు."

ఈ సంగతి థోవా చెవిన పడినట్టుంది. ఈ పొద్దున వీధి మొగలోనే వేడి నూడుల్స్ గిన్నెతో అడ్డం వచ్చింది.

"తిను వదినా. తిన్నాక ముందు న్యాన్ కొట్టుకెళ్ళి చెప్పులు బేరమాడు."

గిన్నెలోకి తొంగిచూసి పెదవి విరిచాను.

"ఒక్క గిన్నెకేనా? న్యాన్ రెండిస్తానంది."